పడినవాడికి ఎవరున్నారు?

ఆదివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాయి. చాప మీద పిల్లలం, మంచం మీద నాన్న, గడప దగ్గర కత్తిపీట ముందేసుకుని చింతపండులో గింజలు తీస్తూ అమ్మమ్మ. టీ.వీ.లో హీరో ఒక్కడే పదిహేనుమందిని కొడుతున్నాడు. ఒకడు కుండల మీద పడ్డాడు, ఒకడు కొబ్బరిబొండాల బండి మీద పడ్డాడు, ఇంకొకడు గాలిలో రెండు గిరికీలు కొట్టి జీపు అద్దం పగలగొట్టుకుని లోపలికి పోయాడు. మేము చప్పట్లు. అమ్మమ్మ మాత్రం చేతిలో పని ఆపకుండానే అడిగింది:

"ఏరా, ఆ జీపులో పడ్డోడికి పెళ్ళాం బిడ్డలు ఉన్నారంటావా?"

"వాడు రౌడీ అమ్మమ్మా!" అన్నాడు మా తమ్ముడు.

"రౌడీ అయితే ఉండరా?"

ఇంటిల్లిపాదీ నవ్వాం. ఇది జరిగి ముప్పై ఏళ్ళు దాటింది. ఆ సినిమా పేరు మా ఎవరికీ గుర్తులేదు. ఆ ప్రశ్న మాత్రం మా కుటుంబంలో ఒక సామెతలా స్థిరపడిపోయింది. ఇప్పటికీ తెర మీద ఎవడైనా కిటికీలోంచి ఎగిరి పడితే ఎవరో ఒకరు "ఆడికి ఎవరున్నారో!" అంటారు. మళ్ళీ నవ్వుతాం. అయితే ఈ మధ్య ఆ నవ్వు కొంచెం ఆలస్యంగా వస్తున్నదని నాకు అనిపిస్తున్నది.

సినిమా హాల్లో కూర్చున్నవారి అభిప్రాయం ఈలలో తెలిసిపోతుంది. పత్రికలో రాసేవారి అభిప్రాయం అచ్చులో ఉంటుంది. ఇంట్లో చూసేవారి అభిప్రాయం మాత్రం ఎక్కడా నమోదు కాదు. అది బట్టలు మడతపెడుతూ, పసివాడికి ముద్ద పెడుతూ, రిమోట్ కోసం దిండు కింద తడుముకుంటూ అనేసే మాట. అన్నవారికే మర్నాడు జ్ఞాపకం ఉండదు. అటువంటి మాటలు పోగుచేయాలని ఈ మధ్య నాలుగైదు ఇళ్ళలో కూర్చుని, పోరాట చిత్రాలను గురించి సంభాషణ కదిపి చూశాను.

మొదట తెలిసిన విషయం ఏమిటంటే, ప్రతివారూ ఫైటును తమ పనిని బట్టి చూస్తారు. పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారు ఒకరు తూటాలు లెక్కపెడతారు. "రివాల్వర్‌లో ఆరు పడతాయి కదండీ, ఈయన పదకొండు పేల్చాడు. మధ్యలో నింపుకున్నది లేదు" అని ఎంతో బాధపడతారు. ఆటో నడిపే అబ్బాయి ఛేజింగు వస్తే మనిషిని చూడడు, చేతిని చూస్తాడు. "ఎక్కడా గేరు మార్చడండీ!" అంటాడు. మిషను కుట్టే సోదరి దృష్టి చొక్కా మీద. అంత బురదలో దొర్లినవాడి ఇస్త్రీ మడత తరువాతి సీనులో ఎలా వచ్చిందని ఆమె అనుమానం. తొమ్మిదో తరగతి చదివే ఒక బాబు మాత్రం పెద్దవాళ్ళను చూసి జాలిపడ్డాడు. "అది రోపు అండీ. నడుముకు తీగ కట్టి లాగుతారు. తరువాత కంప్యూటర్లో ఆ తీగ చెరిపేస్తారు" అని విశదంగా చెప్పాడు. నిజమే చెప్పాడు. ఇంకా కొన్ని సంగతులు నేనూ అతనికి చెప్పాను: తల మీద పగిలే సీసాలను ఒకప్పుడు పంచదార పాకం గట్టిపరచి చేసేవారని, 1981లో వచ్చిన మొదటి 'ఇండియానా జోన్స్' చిత్రంలో పిడిగుద్దుల చప్పుడు కోసం తోలు కోట్లు గుట్టగా పోసి బేస్‌బాల్ బ్యాటుతో కొట్టి రికార్డు చేశారని. ఆ "డిష్యుం" మనిషి ఒంటి మీద పుట్టింది కాదు.

ప్రభుత్వాసుపత్రిలో పనిచేసే నర్సమ్మ ఒకామె మాట మాత్రం నవ్వుకు అందలేదు. "నాకు ఫైట్లంటే ఇష్టమే. ఒక్కటే పట్టదు. తల మీద కొడితే స్పృహ తప్పి పడిపోతాడు, పది నిమిషాల తరువాత లేచి తల విదిల్చుకుని పరుగెత్తుతాడు. అంతసేపు స్పృహ లేకుండా పడున్న మనిషిని మేము ఇంటికి పంపం. రాత్రంతా గంటగంటకూ లేపి చూస్తాం" అన్నారు.

ఆ మాట వినగానే నాకు అమ్మమ్మ ప్రశ్న ఎక్కడ పుట్టిందో జ్ఞాపకం వచ్చింది. అమ్మమ్మకు ఒక తమ్ముడు ఉండేవాడట. మాకు ఫోటో కూడా లేదు. ఒక వేసవిలో కాలవ దగ్గర నీటి వంతు విషయమై మాటామాటా పెరిగి, అవతలి మనిషి చేతికర్ర విసిరితే చెవి పైన తగిలింది. ఒకే ఒక్క దెబ్బ. రక్తం కూడా పెద్దగా కారలేదట. తన కాళ్ళ మీద తానే నడిచి ఇంటికి వచ్చాడు, జరిగింది నవ్వుతూ చెప్పాడు, నాలుగు ముద్దలు తిని తల బరువుగా ఉందని పడుకున్నాడు. తెల్లవారి లేవలేదు. పుర్రె లోపల నాళం చిట్లితే మనిషి మొదట మామూలుగానే తిరుగుతాడని, లోపల రక్తం చేరి మెదడును నొక్కడానికి కొన్ని గంటలు పట్టవచ్చని ఆ నర్సమ్మ నాకు వివరించారు. ఆ రోజుల్లో మా ఊళ్ళో ఆ సంగతి చెప్పేవారెవరు? కొట్టినవాడు చంపాలని కొట్టలేదు. అతనికీ ఇద్దరు చిన్నపిల్లలు. ఆ ఏడాది ఆ రెండిళ్ళ వాళ్ళ ఊడ్పులూ ఆలస్యమయ్యాయని అమ్మమ్మ చెప్పేది. అంతకంటె ఎక్కువ చెప్పేది కాదు.

అలాగని ఆమెకు ఫైట్లు గిట్టవని అనుకోవద్దు. కాంతారావు కత్తి తిప్పుతుంటే కళ్ళార్పకుండా చూసేది. విఠలాచార్య చిత్రాలలో రాక్షసుడి తల తెగి దొర్లినా "ఆఁ, అతుక్కుంటుందిలే" అనేది. 1971లో వచ్చిన కృష్ణ గారి 'మోసగాళ్ళకు మోసగాడు' టీ.వీ.లో వేసినప్పుడు గుర్రాలను చూడడం కోసం పొయ్యి ఆర్పేసి వచ్చి కూర్చుంది. అందులో ఎందరు తుపాకులకు పడ్డారో! ఒక్కరిని గురించీ అడగలేదు. ఆ తేడా ఏమిటో మాకు చిన్నప్పుడు అర్థం కాలేదు. ఆ పాత పోరాటాలు ఆటలని అవే చెప్పుకునేవి. కత్తికి కత్తి తగిలి ఖంగుమనేది, మెట్లు ఎక్కేవారు, దిగేవారు, మధ్యలో హాస్యగాడు బానలో దాక్కునేవాడు. కోలాటం చూసినట్టు చూడవచ్చు. కోలాటంలో కర్ర తగిలినవాడిని గురించి ఎవరు అడుగుతారు?

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైనా, మా వీధికి టీ.వీ. రావడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. వచ్చీ రావడంతోనే రామాయణం, దాని వెనుకే మహాభారతం. బి.ఆర్. చోప్రా గారి మహాభారతం 1988 అక్టోబరు 2న ప్రారంభమై 1990 జూన్ వరకు 94 ఎపిసోడ్లు వచ్చింది. ఆదివారం ఉదయమే. మా చర్చిలో ఆరాధన గంట కొట్టాక కూడా వెనుక బెంచీలు ఖాళీగా ఉండడానికి కారణం అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు. ఆకాశంలో బాణాలు ఎదురెదురుగా వచ్చి నిప్పురవ్వలు రాల్చుతుంటే పిల్లలకు పండుగ. కాని అభిమన్యుడు పడిన వారం మా వీధిలో ఆ పండుగ లేదు. పక్కింటి పెద్దమ్మ లేచి వెళ్ళిపోయింది. ఆ సీరియల్‌లో ఒక గొప్ప గుణం ఉంది. ఒకడు పడితే వాడి తల్లి ఎవరో, భార్య ఎవరో, వాడి కోసం మర్నాడు ఎవరు ప్రతిజ్ఞ చేస్తారో అన్నీ వస్తాయి. పడిన తరువాత కథ మొదలవుతుంది. మామూలు ఫైటులో పడ్డాక కథ అయిపోతుంది.

అందులో భీష్ముడిగా నటించిన ముఖేష్ ఖన్నా గారే 1997 సెప్టెంబరు 13 నుంచి 'శక్తిమాన్'గా వచ్చారు. 2005 దాకా సాగింది. గిర్రున తిరుగుతూ వచ్చి పిల్లలను కాపాడే మనిషి. శక్తిమాన్ వచ్చి రక్షిస్తాడన్న నమ్మకంతో కొందరు పిల్లలు ప్రమాదాలకు పాల్పడ్డారని అప్పట్లో వార్తలు వచ్చాయి, వాటిని గురించి వాదోపవాదాలూ జరిగాయి. ఎపిసోడ్ చివర పిల్లలకు మంచి అలవాట్లు చెప్పే చిన్న భాగం ఒకటి ఉండేది. పళ్ళు తోముకోవాలి, అబద్ధం ఆడకూడదు, అటువంటివి. ఆ ఐదు నిమిషాలూ మా పిల్లలు నీళ్ళు తాగడానికి లేచేవారన్న సంగతి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. పెద్దలం మాత్రం దానిని చూసి తృప్తిపడి ఊరుకునేవారం.

సరే, అసలు మార్పు 1989లో వచ్చింది. రాంగోపాల్ వర్మ గారి మొదటి చిత్రం 'శివ'. నాగార్జున సైకిల్ చైను తెంపి చేతికి చుట్టుకునే ఘట్టం తెలుగు తెలిసిన ప్రతి ఇంటికీ తెలుసు. నేను కలిసిన ఇళ్ళలో నడివయసు మగవారందరూ ముందు ఆ చైను మాటే ఎత్తారు. ఆ సినిమా తరువాత తమ కాలేజీలో ఎన్ని సైకిళ్ళు చెడిపోయాయో నవ్వుతూ చెప్పినవారూ ఉన్నారు. పిడిగుద్దుల డిష్యుం తగ్గి, దెబ్బ నిజంగా ఒంటికి తగిలినట్టు వినిపించిన చిత్రమది. ఆడవారిని అడిగితే మాత్రం చైను ఎవరూ చెప్పలేదు. అన్న కూతురిని సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని శివ వెళ్తుంటే రౌడీలు వెంటపడతారు చూడండి, ఆ సందుల్లో పరుగు, అది చెప్పారు. "ఆ పిల్ల కళ్ళు చూడలేకపోయానమ్మా" అన్నారు ఒకామె. చివరికి ఆ పాప ప్రాణం పోతుంది. చైనుతో మొదలైన సంగతి పాపతో ముగుస్తుంది. ఒకే సినిమాలో మగవారు మొదటి సగం గుర్తుపెట్టుకున్నారు, ఆడవారు రెండో సగం గుర్తుపెట్టుకున్నారు. ఆ చిత్రం 2025లో మళ్ళీ థియేటర్లకు వచ్చినప్పుడు కూడా పోస్టర్ల మీద చైనే ప్రముఖంగా మాట్లాడిందనుకోండి.

'శివ'ను చూసి చాలామంది నేర్చుకున్నది చైను ఒక్కటే కావడం విచారకరం. తరువాత వచ్చిన ఎన్నో చిత్రాలలో దెబ్బ నిజంలా వినిపిస్తుంది, రక్తం నిజంలా కారుతుంది, మనిషి మాత్రం నిజం కాడు. ఈ పదేళ్ళలోనైతే గొడ్డళ్ళు, యంత్ర తుపాకులు వచ్చాయి. పడేవారిని లెక్కపెట్టడం మా లెక్కల మాస్టారికే సాధ్యం కావడం లేదు. "నిజం చూపిస్తున్నాం" అంటారు తీసేవారు. నాకు అది నిజంగా కనిపించదు. రక్తం చూపించడం తేలిక. మర్నాడు ఆ ఇంటి వాకిలి చూపించడం కష్టం. ఈ విషయంలో నేను మా అమ్మమ్మ పక్షం.

తొమ్మిదో తరగతి బాబు ఇక్కడ నాతో వాదానికి దిగాడు. "ప్రతి రౌడీ ఇంటికీ వెళ్ళి కూర్చుంటే సినిమా ఎప్పటికి అవుతుందండీ?" అన్నాడు. సరైన ప్రశ్నే. అందుకని అతనికి 1991లో వచ్చిన 'టెర్మినేటర్' రెండో భాగాన్ని గుర్తుచేశాను. అతను మొబైల్లో చూశాడట. అందులో పదేళ్ళ పిల్లవాడు తనను కాపాడడానికి వచ్చిన యంత్రమనిషి చేత ఒట్టు వేయిస్తాడు, ఎవరినీ చంపనని. యంత్రానికి కారణం అర్థం కాదు, అయినా మాట ఇస్తుంది. అప్పటినుంచి అది కాళ్ళకే గురిపెడుతుంది. పోలీసు బండ్లన్నిటినీ పెద్ద తుపాకితో తుక్కుతుక్కు చేసిన తరువాత దాని కంటిలోని లెక్క, చనిపోయినవారు సున్నా అని చూపుతుంది. ఫైటు తగ్గిందా? తగ్గలేదు. ఎవరి ఇంటికీ వెళ్ళి కూర్చోలేదు. ఒక పిల్లవాడు అడిగాడు, అంతే. బాబు కాసేపు ఆలోచించి, "అది నాకు కామెడీ సీను అనిపించింది" అన్నాడు. ఆ తరువాత, "మళ్ళీ చూస్తాను" అన్నాడు.

ఇంట్లో చూసేవారి గౌరవం సంపాదించిన మరో మనిషి జాకీ చాన్. ఆయన చిత్రాలలో కథ ముగిశాక పేర్లు పడుతున్నప్పుడు, చిత్రీకరణలో తప్పిపోయిన దూకుళ్ళు, తగిలిన దెబ్బలు చూపిస్తారు. 1986 నాటి 'ఆర్మర్ ఆఫ్ గాడ్' తీస్తున్నప్పుడు చెట్టు మీదనుంచి పడి ఆయన పుర్రె పగిలింది, శస్త్రచికిత్స జరిగింది. 1995 నాటి 'రంబుల్ ఇన్ ద బ్రాంక్స్'లో చీలమండ విరిగితే, కట్టు మీద బూటులా రంగు వేసిన మేజోడు తొడుక్కుని మిగతాది పూర్తిచేశారు. అవన్నీ ఆ పేర్ల పక్కన వస్తాయి. సినిమా అంతా నవ్విన మా నాన్న ఆ చివరి రెండు నిమిషాలు లేచి నిలబడి చూసేవారు. "వీడు పాపం నొప్పి దాచుకోలేదురా" అనేవారు. ఆయన ఏ సినిమాకైనా ఇచ్చిన పెద్ద మెచ్చుకోలు అదే. ఆ చివరి బొమ్మల్లో ఇంకొకటి కూడా ఉంది. పడినవాడి చుట్టూ జనం పరుగెత్తుకు వస్తారు. దెబ్బలు కొట్టిన ఫైటరే ముందుగా వచ్చి తల పట్టుకుంటాడు.

ఇప్పుడు టీ.వీ. చుట్టూ కూర్చునే అలవాటే తగ్గిపోతున్నది. ఎవరి ఫోను వారిది, చెవుల్లో ఎవరి తీగ వారిది. పెద్దలకు మాత్రమే అని సర్టిఫికెట్ పొందిన సినిమాను టీ.వీ.లో అలాగే వేయడానికి వీల్లేదు, కత్తిరించి మళ్ళీ సర్టిఫికెట్ తీసుకోవాలి. 2024 నుంచి మధ్య తరగతి సర్టిఫికెట్‌ను ఏడేళ్ళు, పదమూడేళ్ళు, పదహారేళ్ళు అని మూడుగా విడదీశారు. మంచి ఏర్పాటే. అయితే ఆ అంకె తెర మీద కనబడే నాలుగు సెకన్లలో ఫోను పట్టుకున్న పిల్లవాడి పక్కన ఎవరున్నారన్నది ప్రశ్న. నేను వెళ్ళిన ఇళ్ళలో ఇద్దరు తల్లులు ఒకే మాట వేర్వేరుగా అన్నారు. పిల్లలు ఏమి చూస్తున్నారో తెలియకపోవడం కంటె, చూసి ఏమనుకుంటున్నారో వినబడకపోవడమే వారికి దిగులుగా ఉన్నదట. ఒకప్పుడు హాల్లో చాప మీద కూర్చున్నవాడు ఏ దెబ్బకు నవ్వాడో ఇంట్లో అందరికీ తెలిసేది. గడప దగ్గరి మనిషి ఒక మాట అనడానికి వీలుండేది. 2020 లాక్‌డౌన్‌లో మార్చి చివరనుంచి దూరదర్శన్ ఆ పాత సీరియల్స్ మళ్ళీ వేసినప్పుడు, కొన్ని వారాలపాటు అది తిరిగి వచ్చిందని ఒక తల్లి చెప్పారు. అభిమన్యుడి వారం వాళ్ళ ఏడేళ్ళ పాప, "అంతమంది ఒకడినే ఎందుకు కొడుతున్నారు? వాళ్ళమ్మ ఎక్కడుంది?" అని అడిగిందట. ఆ పాపకు మా అమ్మమ్మ ఎవరో తెలియదు.

అన్ని ఇళ్ళలోనూ చివరికి ఒక సినిమా దగ్గరికే వచ్చి ఆగాం. 2005లో వచ్చిన 'అతడు'. టీ.వీ.లో ఎన్నిసార్లు వేశారో, వేసినప్పుడల్లా ఎందుకు చూస్తారో చూసేవారికే తెలియదు. 2025 ఆగస్టులో మళ్ళీ థియేటర్లలోనూ వేశారు. "ఫైట్లు బాగుంటాయి" అంటాడు ఆటో అబ్బాయి. "మాటలు" అంటారు మాస్టారు. "ఇల్లండీ, ఆ ఇల్లు" అంటుంది మిషను సోదరి. నాకు మాత్రం ఇంకోటి తోస్తుంది. పోలీసులు కిరాయి హంతకుడి కోసం పేల్చిన తూటా, రైల్లో అతని పక్కన ఉన్న పార్థు అనే అబ్బాయికి తగులుతుంది. చిన్నప్పుడు ఇల్లు విడిచి, పన్నెండేళ్ళ తరువాత తిరిగి వెళ్తున్నవాడు. ఇంకే సినిమాలోనైనా అతను అక్కడితో సరి, లెక్కలోకి రాని మనిషి. ఈ సినిమా అతని ఊరికి వెళ్తుంది. అతనికి తాత ఉన్నాడు, మేనత్త ఉంది, ఇంటినిండా మనుషులున్నారు. అందరూ ఎదురుచూస్తున్నారు. చావు తప్పించుకున్నవాడు ఆ చనిపోయినవాడి పేరుతో ఆ గుమ్మంలో నిలబడతాడు, వాడి కోసం వండిన అన్నం తింటాడు. మిగతా రెండు గంటలూ ఆ అన్నం గురించే.

పడినవాడికి ఎవరున్నారన్న ప్రశ్నకు ఒక ఫైటింగు సినిమా అంత తీరికగా జవాబు చెప్పడం మా అమ్మమ్మ బహుశా అదే మొదటిసారి చూసింది. ఆమె చివరి రోజుల్లో ఆ సినిమా వస్తే తప్పకుండా పిలవమనేది. పిలిస్తే వచ్చి గోడకు ఆనుకుని కూర్చునేది. రైలు కనబడగానే మాత్రం మెల్లగా లేచేది. "ఆ కుర్రోడు పోయాక పిలవండి" అని వంటింట్లోకి వెళ్ళేది. లోపలినుంచి గిన్నెల చప్పుడు వినబడేది. తాతగారి వేషంలో నాజర్ తెర మీదికి వచ్చేసరికి, మేము పిలవకముందే, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి మళ్ళీ అక్కడే కూర్చునేది.